సినిమాలో కాలనీ, మా ఊళ్లో కాలనీ



మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, పొయ్యిగట్టు తుడిచి, ఒక్క అరగంట నడుం వాల్చుదామని ముందుగదిలోకి వస్తామా, టీవీలో ఏదో ఒక చోట జంధ్యాలగారి సినిమా వస్తూనే ఉంటుంది. చూసిన సినిమాయే. వాళ్లు అనకముందే మాటలు మన నోటికొచ్చేస్తాయి. అయినా రిమోటు పక్కన పెట్టేసి కూర్చుంటాం. ఇదెన్నోసారమ్మా అని పిల్లలు నవ్వుతారు. మొన్న అలా కూర్చున్నప్పుడే ఒక సంగతి గమనించాను. నేను నరేష్‌నీ చూడటం లేదు, పూర్ణిమనీ చూడటం లేదు. వాళ్ల వెనకాల ఉన్న ఇంటిని చూస్తున్నాను.

చిన్న ఇనుప గేటు. నడుము ఎత్తు ప్రహరీ. గేటు పక్కనుంచి పైకి పాకిన కాగితంపూల తీగె. రెండు మెట్లెక్కితే వరండా, అందులో రెండు పేము కుర్చీలు, ఒక వారపత్రిక. లోపల సోఫా వీపు మీద క్రోషియాతో అల్లిన గుడ్డ. డాబా మీద ఆరేసిన చీరల మధ్య ఒక అమ్మాయి పుస్తకం పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటుంది. సరిగ్గా ఆ వేళకే పక్కింటి డాబా మీద ఒక అబ్బాయికి చదువు మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొస్తుంది.

ఆ ఇల్లు చూస్తే నాకు లోపలెక్కడో కలుక్కుమంటుంది. చిత్రమేమిటంటే నేను అలాంటి ఇంట్లో పుట్టలేదు, పెరగలేదు. మాది సదాశివనగర్. అప్పట్లో నిజామాబాద్ జిల్లా, 2016 నుంచి కామారెడ్డి జిల్లా. హైదరాబాదు నుంచి నాగపూర్ పోయే పెద్దరోడ్డు మీది ఊరు. మరి ఉండని ఇంటి మీద బెంగ ఎలా పుడుతుందండీ? ఇవాళ ఈ సంగతే మీతో మాట్లాడదామనుకున్నాను.

మనకంటే ముందు తరం సినిమాల్లో ఇల్లంటే బంగళా. మద్రాసు స్టూడియోల్లో వేసిన సెట్టు. హాలు మధ్య నుంచి అటొకటి ఇటొకటి వంపు తిరిగిన మెట్లు, పైన గాజు దీపాల గుత్తి, పట్టు గౌను వేసుకుని పైపు కాల్చే తండ్రిగారు. యద్దనపూడి సులోచనారాణిగారి నవలలు సినిమాలైన రోజులు అవి. ‘సెక్రటరీ’ని 1976లో అక్కినేని, వాణిశ్రీలతో తీశారు. ఆ నవలలు చదివి మా అక్కయ్యల తరమంతా కారున్న కథానాయకుడి కోసం కలలు కన్నది. బంగళా కాకపోతే గుడిసె. గుడిసెలో గుడ్డిదీపం, దగ్గే తల్లి. ఈ రెంటికీ మధ్య జీతం మీద బతికే ఇల్లు ఒకటుంటుందని, అందులో కూడా కథ ఉంటుందని తెర మీద అంతగా కనిపించేది కాదు.

1978లో బాలచందర్‌గారి ‘మరో చరిత్ర’ వచ్చింది. కమల్‌హాసన్, సరిత. విశాఖపట్నంలో, భీమిలిలో తీసిన సినిమా. ఆ కథకు ఆధారం రెండు ఇళ్లు, పక్కపక్కన. ఒక ఇంట్లో తమిళులు, ఒక ఇంట్లో తెలుగువాళ్లు. ఆ తరువాత 1981లో జంధ్యాలగారు మొదటిసారి దర్శకత్వం వహించిన ‘ముద్దమందారం’ వచ్చింది. ఇంకా చదువుకునే వయసు పిల్లల ప్రేమ. 1982లో ‘నాలుగు స్తంభాలాట’ వచ్చింది. ఆ ఏడే వంశీగారి మొదటి సినిమా ‘మంచుపల్లకి’ కూడా వచ్చింది, చిరంజీవి, సుహాసినిలతో. అది అంతకుముందు ఏడాది తమిళంలో వచ్చిన ‘పాలైవన సోలై’కి తెలుగు రూపం. ఉద్యోగాల్లేని కుర్రాళ్లు కొందరు వీధిలో కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూస్తుంటారు, ఎదురింట్లోకి ఒక అమ్మాయి దిగుతుంది. అంతే కథ. ఒక వీధి, ఒక ఎదురిల్లు.

1984లో ‘శ్రీవారికి ప్రేమలేఖ’. ఇది మనం గొప్పగా చెప్పుకోవలసిన సినిమా, ఎందుకంటే దాని మూలం పొత్తూరి విజయలక్ష్మిగారి నవల ‘ప్రేమలేఖ’. తమాషాకు రాసిన ఒక ఉత్తరం ఎవరి చేతికో చిక్కుతుంది. ఆ రాసిన పిల్లెవరా అని ఒక అబ్బాయి వెతుక్కుంటూ బయల్దేరతాడు. అందులో శ్రీలక్ష్మి పాత్ర గుర్తుందా? చూసొచ్చిన సినిమాను పేర్లు పడటం దగ్గర్నుంచి ‘శుభం’ దాకా ఒక్క ముక్క వదలకుండా చెబుతుంది. అందరూ నవ్వారు గానీ, నాకు మాత్రం అది మా ఊళ్లో ఒకావిడ. కామారెడ్డికి పోయి సినిమా చూసొచ్చిందంటే సాయంత్రం ఆమె అరుగు దగ్గర ఇరవై మంది చేరేవాళ్లం. టికెట్టు డబ్బులు లేనివాళ్లందరికీ ఆమే సినిమా.

ఈ సినిమాలకు పెద్ద ఖర్చు లేదు. సెట్టు వేయకుండా ఉన్న ఊళ్లో, ఉన్న ఇంట్లో తీసేవారు. జంధ్యాలగారు చాలా సినిమాలు విశాఖపట్నంలోనే తీశారు. అందుకని ఆ ఇళ్లు నిజం ఇళ్లలా ఉంటాయి. గోడకు సున్నం పెచ్చు లేచి ఉంటుంది, కిటికీ ఊచకు తువ్వాలు వేలాడుతుంటుంది.

ఆ కథలన్నీ నడుము ఎత్తు గోడ మీదే నడుస్తాయి, గమనించండి. అదే గోడ ఆరడుగులు ఉంటే కథే లేదు. గోడ మీదుగా గిన్నెతో కూర వెళుతుంది, ఖాళీ గిన్నెలో చక్కెర తిరిగి వస్తుంది. వీధి మొత్తానికి ఒకే ఇంట్లో టెలిఫోను. మిగతావాళ్లంతా ఆ నంబరునే పి.పి. అని కార్డుల మీద వేసుకునేవారు. ఫోనొస్తే ఆ ఇంటి పిల్లవాడు గేటు దగ్గర నిలబడి కేకేస్తాడు. మనం వెళ్లి వాళ్ల ముందుగదిలో, వాళ్లందరి ఎదుట, ఒళ్లంతా చెవులు చేసుకున్న వాళ్ల అత్తగారి ఎదుట మాట్లాడాలి. పోస్టుమాన్ తెచ్చిన ఉత్తరం ఎవరింటికో అందరికీ తెలుస్తుంది. రహస్యానికి చోటు లేని వీధి కాబట్టే రహస్యానికి అంత విలువ. ఆడపిల్ల దీపాల వేళ దాకా గేటు దగ్గర నిలబడొచ్చు, సైకిలు మీద చివరి కొట్టు దాకా పోయి రావచ్చు, ఎందుకంటే ఆరిళ్ల పిన్నిగార్ల కళ్లు ఆమె మీదే ఉంటాయి. ఆ కాపలా అప్పుడు మనకు ఎంత విసుగ్గా ఉండేదో! ఇప్పుడు దానికే ఆప్యాయత అని పేరు పెట్టాం.

ఒక్కటి మాత్రం ఆ సినిమాల్లో కనపడదు. తెల్లవారుజామున నాలుగింటికి కుళాయి వస్తే లేచి డ్రమ్ములు నింపే మనిషి. కాఫీ మాత్రం ఎవరొచ్చినా వచ్చేస్తుంటుంది.

సరే, ఇంతకీ ఆ ఇళ్లలో నిజంగా ఎవరుండేవారు? తెర మీద చూసి తెలుగుదేశమంతా అలాంటి ఇళ్లే కాబోలు అనుకుంటాం గానీ, కాదు. విశాఖనే తీసుకోండి. 1941లో ఓడల కర్మాగారానికి పునాది పడింది. 1957లో కాల్టెక్స్ నూనె శుద్ధి కర్మాగారం వచ్చింది, తరువాత భారీ ప్లేట్లూ పాత్రలూ చేసే సంస్థ వచ్చింది. ఉక్కు కర్మాగారం కోసం 1966లో పెద్ద ఉద్యమం జరిగి, 1971లో ఇందిరాగాంధీ పునాదిరాయి వేశారు. ఇన్ని కొలువులు వస్తే, ఆ కొలువులవాళ్లకు క్వార్టర్లు, నెలనెలా జీతం, ఇంటి అప్పు, ఒక ప్లాటు. హైదరాబాదులోనూ అంతే. రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., ఇటువైపు ఇ.సి.ఐ.ఎల్., హౌసింగ్ బోర్డువారి విజయనగర్ కాలనీ, 1980ల మొదట్లో కూకట్‌పల్లిలో వరసలు వరసలుగా లేచిన బోర్డు ఇళ్లు. అంటే ఆ వరండా వెనకాల సర్కారు కొలువు ఉంది. మన సినిమా కాలనీ జీతపురాళ్లతో కట్టిందన్నమాట.

మా జిల్లాలోనూ లేకపోలేదు. బోధన్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చినప్పుడు దాని పక్కనే శక్కర్‌నగర్ లేచింది. ఉద్యోగులకు వరసగా క్వార్టర్లు, ఆఫీసర్లకు చెట్లనీడన బంగళాలు. మంజీర మీద నిజాంసాగర్ కట్టినప్పుడు ఒక క్యాంపు, 1963లో నెహ్రూగారు పోచంపాడు ప్రాజెక్టుకు పునాది వేశాక అక్కడొక క్యాంపు. మా మేనమామ బిడ్డ ఒకామె భర్తకు పోచంపాడు క్యాంపులో ఉద్యోగం. ఆమె ఇంటికి పోయొచ్చినప్పుడల్లా నేను నెల రోజులు చెప్పుకునేదాన్ని, వాళ్లింటి ముందు గేటుంది, గేటు తీస్తే చప్పుడవుతుంది అని. చక్కెర ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతబడింది. గేట్లకు ఇప్పుడు తాళాలు.

ఇక మా సదాశివనగర్‌లో కాలనీ అనే మాటకు వేరే అర్థముండేది. ఊరి బయట బీదవాళ్లకు, దళితులకు సర్కారు కట్టించిన ఇళ్లనే కాలనీ అనేవారు. మా ఒక్క ఊళ్లోనే కాదు, చుట్టుపక్కల అన్ని ఊళ్లలోనూ అంతే. 1979లో రాష్ట్రంలో గృహనిర్మాణ సంస్థ పెట్టారు. 1983లో రామారావుగారు ముఖ్యమంత్రి అయ్యాక పక్కా ఇళ్లు ఎక్కువగా వచ్చాయి. ఒకే కొలత గది, ముందు చిన్న వసారా, గోడ మీద ఒక నంబరు. ‘కాలనోళ్లు’ అంటే ఊళ్లోకి మంచినీళ్లకు వచ్చినా దూరంగా నిలబడేవాళ్లు అని అర్థం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ చెప్పాలి. ఒకే మాట, హైదరాబాదులో చెబితే గౌరవం, మా ఊళ్లో చెబితే వెలి. నా పెళ్లి కుదిరినప్పుడు పిల్లవాడు హైదరాబాదులో కాలనీలో ఉంటాడని నాయన చెబితే మా నాయనమ్మ ముఖం అదోలా పెట్టి, ‘కాలనీల ఇస్తున్నవారా పిల్లను?’ అన్నది. ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వామో ఆలోచించింది మాత్రం చాలా ఏళ్లకు.

మా ఇంటికి గేటు లేదు. పెద్ద దర్వాజ, దాని రెండు పక్కలా అరుగులు. రోడ్డున పోయేవాళ్లు అడక్కుండానే కూర్చుని చెంబెడు నీళ్లు తాగి పోయేవాళ్లు. ఆ అరుగు మీద కూర్చునే నేను సినిమాలోని వరండా కోసం కలలు కన్నాను.

ఇంకో సంగతి ఉంది. ఆ సినిమాల వరండాల్లో మా భాష మాట్లాడేవాళ్లు ఒక్కరూ ఉండరు. ‘ఏంది’, ‘గట్ల’, ‘పోయినం’, ‘వచ్చినం’ అనే మనిషి ఆ గేటు లోపలికి వస్తే పనిమనిషిగానో, రిక్షావాడిగానో, నవ్వించడానికో రావాలి. తరువాత తరువాత రౌడీగా వచ్చాడు. ‘అంకుశం’లో విలన్‌ మాట్లాడేది మా భాషే, జనం ఎగబడి చూశారు. అలాగని మా బతుకు తెర మీదికి రాలేదని కాదు. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ 1980లో విడుదలైంది. దాన్ని నిర్మించిన బి. నరసింగరావుగారే తరువాత ‘రంగుల కల’ తీశారు, 1988లో ‘దాసి’ తీశారు. ‘దాసి’లో నటించినందుకు అర్చనకు జాతీయ పురస్కారం వచ్చింది. గొప్ప సినిమాలు. కానీ మా భాషకు పోరాటం దక్కింది, గడీ దక్కింది, కన్నీళ్లు దక్కాయి. డాబా మీద నిలబడి పక్కింటి అబ్బాయిని చూసి సిగ్గుపడే భాగ్యం దక్కలేదు. పదహారేళ్ల పిల్లకు అది చిన్న లోటు కాదండీ. ప్రేమించాలంటే ముందు భాష మార్చుకోవాలేమో అని నేను నిజంగానే అనుకునేదాన్ని. అద్దం ముందు పూర్ణిమలా ‘ఏమిటండీ’ అని అనుకుని చూసుకునేదాన్ని.

1987లో పెళ్లయి కూకట్‌పల్లి బోర్డు ఇంటికి వచ్చాను. చిన్న ఇల్లే. కానీ గేటుంది! గేటు తీస్తే చప్పుడయ్యేది. మొదటి నెల జీతంలోంచి రెండు పేము కుర్చీలు కొనిపించాను. చుట్టుపక్కల ఎక్కువమంది కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాళ్లు, చాలా మంచివాళ్లు, నన్నెవరూ ఒక్క మాట అనలేదు. నేనే ముందు జాగ్రత్తగా నా మాటలన్నీ మార్చేసుకున్నాను. ఆరు నెలల్లో ఎవరూ పోల్చలేనంతగా మారాను. దాన్ని తెలివనుకున్నాను.

1991 దసరా ముందు మా అవ్వ వచ్చింది. మా వైపు తల్లిని అవ్వ అంటాం. నేను మాత్రం ఆమె రిక్షా దిగగానే అందరూ వినేలా ‘అమ్మా’ అన్నాను. ఆమె ఒక్క క్షణం నా ముఖం చూసి లోపలికి వచ్చింది. మర్నాడు పొద్దున్నే లేచి, కాలనీ అవతల అప్పటికి ఇంకా పొలాలూ బీళ్లూ ఉండేవి, అక్కడికి పోయి ఒడినిండా తంగేడు పూలు, గునుగు పూలు కోసుకొచ్చింది. తాంబాలంలో బతుకమ్మను పేర్చింది. పైన పసుపు గౌరమ్మను పెట్టింది. సాయంత్రం కొత్తచీర కట్టుకుని తాంబాలం ఎత్తుకుని వరండా మెట్లు దిగింది. గేటు ముందు పెట్టి ఆడదామని. ‘ఇరుగుపొరుగోళ్లను పిలువు బిడ్డా’ అన్నది.

నేను పిలవలేదు. ‘ఇక్కడ ఎవరూ ఆడరమ్మా, లోపల దేవుడి దగ్గర పెట్టు’ అన్నాను. ఎదురింటావిడ వరండాలో కూర్చుని ఉంది, ఆమె చూస్తోందేమోనని నా తొందర. అవ్వ ఏమీ అనలేదు. తాంబాలం తిప్పుకుని లోపలికి వచ్చి దేవుడి గూట్లో పెట్టబోయింది. బతుకమ్మ పెద్దది, గూడు చిన్నది, పట్టలేదు. వంటింటి గట్టు మీద పెట్టింది. ఉన్న నాలుగు రోజులూ వరండాలోకి రాలేదు. వెళ్లేటప్పుడు ఒక్క మాటే అన్నది, ‘ఇల్లు మంచిగున్నది బిడ్డా, అరుగే లేదు.’

మొన్నమొన్నటి దాకా ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పించింది మా అమ్మాయి. అది షికాగో దగ్గర అరోరా అనే ఊళ్లో ఉంటుంది. మన వాళ్లు చాలామంది ఉన్నారక్కడ, 1986లోనే వేంకటేశ్వరస్వామి గుడి కట్టుకున్నారు. అది ఒకరోజు ఫోను చేసి, ‘అమ్మా, నీ జంధ్యాల సినిమాల్లాంటివే ఇక్కడా ఉన్నాయి, ఈ షికాగో శివార్లలోనే తీశారు’ అన్నది. జాన్ హ్యూస్ అని ఒక దర్శకుడు, 2009లో పోయాడు. 1984లో ‘సిక్స్‌టీన్ క్యాండిల్స్’, మరుసటి ఏడు ‘బ్రేక్‌ఫాస్ట్ క్లబ్’, ఆ మరుసటి ఏడు ఇంకొకటి, ఇలా హైస్కూలు పిల్లల కథలు తీశాడు. కథ జరిగే ఊరికి షర్మర్ అని తనే పేరు పెట్టుకున్నాడు. పచ్చిక ముంగిళ్లు, పెద్ద చెట్లు, సైకిళ్లు, వీధంతా ఒకే రకం ఇళ్లు. మనకు శ్రీవారికి ప్రేమలేఖ వచ్చిన ఏడే వాళ్లకు పదహారేళ్ల పుట్టినరోజు కథ వచ్చింది చూడండి. అక్కడివాళ్లు ఇప్పుడు ఆ వీధులంటే ప్రాణం పెడతారట. ఆ ఇళ్లు చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారట, ఎన్నడూ అలాంటి ఇంట్లో ఉండనివాళ్లు కూడా.

నాకు నవ్వొచ్చింది, నాలాంటివాళ్లు అక్కడా ఉన్నారన్నమాట అని. కానీ అమ్మాయి ఇంకా చెప్పింది. ఆ సినిమాలో ఆసియా నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రాడొకడు ఉంటాడు. అతను కనిపించినప్పుడల్లా వెనకాల గంట మోగిస్తారు, నవ్వమని. అతని మాట, నడక, తిండి అన్నీ నవ్వులే. ‘సినిమా బాగుందమ్మా, నేనూ నవ్వాను, కానీ ఆ గంట మోగినప్పుడు పక్కన కూర్చున్న నా కొడుకు ముఖం చూడాలంటే భయమేసింది’ అన్నది. ఆ మాట విన్నాకే నేను దానికి బతుకమ్మ సంగతి చెప్పాను.

తరువాత దాని దగ్గరే ఇంకొంత తెలుసుకున్నాను. ఆ పచ్చిక ముంగిళ్లకు కూడా ఒక చరిత్ర ఉంది. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక, 1947లో న్యూయార్కు దగ్గర లాంగ్ ఐలాండ్‌లో లెవిట్‌టౌన్ అని ఒక ఊరు కట్టడం మొదలుపెట్టారు. కర్మాగారంలో వస్తువులు చేసినట్టు ఒకే అచ్చులో ఇళ్లు, నాలుగేళ్లలో పదిహేడు వేలకు పైగా. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు సర్కారు పూచీతో అప్పులు. అమెరికా శివారు కాలనీలకు అదొక నమూనా అయింది. అయితే అక్కడి ఒప్పంద పత్రంలో తెల్లవాళ్లు కానివాళ్లు ఆ ఇళ్లలో ఉండకూడదని రాసి ఉండేది. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లో వాళ్ల సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 1957లో పెన్సిల్వేనియాలోని ఇంకో లెవిట్‌టౌన్‌లోకి మొట్టమొదటి నల్లవారి కుటుంబం దిగితే, ఇంటి ముందు జనం గుమికూడి రాళ్లు వేశారు. 1965లో వలస చట్టం మారాక గానీ మన డాక్టర్లు, ఇంజనీర్లు అటు ఎక్కువగా పోలేదు. అంటే నా మనవడు ఇవాళ సైకిలు తొక్కే వీధిలాంటి వీధులు, ఒకప్పుడు అతనిలాంటివాణ్ణి గంట కొట్టి చూపించిన వీధులే. వాడికి మాత్రం అది సొంత ఊరు. పెద్దయ్యాక వాడికీ దాని మీద బెంగ పుడుతుంది.

మన కాలనీలు తెర మీద ఉన్నన్నాళ్లు నేల మీద ఉండలేదు. 1987లో అపార్టుమెంట్ల చట్టం వచ్చింది. ఒక ఇల్లు పడగొడితే పది కుటుంబాలకు చోటు, బిల్డరు వచ్చి సగం వాటా ఇస్తానంటాడు, పిల్లలు దూరాన ఉంటారు, ఎవరు కాదంటారు? మా వీధిలో ముందుగా కాగితంపూల తీగె ఉన్న ఇల్లు పోయింది. తరువాత టెలిఫోను ఇల్లు. మేమూ ఇచ్చేశాం, నేనేం పతివ్రతను కాను. మూడో అంతస్తులో ఫ్లాటు, తలుపు వేస్తే పక్కవాళ్ల పేరు తెలియదు. 2004లో శేఖర్ కమ్ముల ‘ఆనంద్’ తీస్తే మా ఆడవాళ్లందరం రెండేసి సార్లు చూశాం. హైదరాబాదులో ఒక పాత కాలనీ, ఒంటరిగా తన ఇంట్లో తాను ఉండే అమ్మాయి, పక్కన అవుట్‌హౌస్‌లో అద్దెకు దిగిన అబ్బాయి, మధ్యలో చెట్లు. అప్పటికే అది పోయిన కాలం మీద బెంగతో తీసిన సినిమా. చూసి బయటికొచ్చి, సందులో మూడు స్కూటర్లు అడ్డం పెట్టిన మా సెల్లారులోంచి దూరుకుంటూ ఇంటికి పోయాం.

ఆ దర్శకుడే 2017లో ‘ఫిదా’ తీశాడు. ఈసారి కాలనీ కాదు, బాన్సువాడ. మా కామారెడ్డి జిల్లా బాన్సువాడ! సాయిపల్లవి తెర మీద పరుగెత్తుతూ, ట్రాక్టరు నడుపుతూ, కోపగిస్తూ, ప్రేమిస్తూ మాట్లాడింది మా భాష. రౌడీ భాషగా కాదు, ఏడుపు భాషగా కాదు. హాలంతా ఆమెతో పాటు అంటున్నారు. తమిళనాడు పిల్ల నేర్చుకుని మాట్లాడిన భాషను నేను ముప్పై ఏళ్లు దాచిపెట్టాను కదా అనిపించింది. పక్కసీటులో ఎవరో కాలేజీ పిల్లలు ఈలలేస్తున్నారు, నాకు కళ్లు తుడుచుకోవడానికి చీకటి మంచిదైంది. అవ్వ అప్పటికి పోయి ఆరేళ్లు. సినిమా కథ చెప్పడానికి ఇంటికి పోతే వినేవాళ్లు లేరు.

అయినా మధ్యాహ్నం జంధ్యాలగారి సినిమా వస్తే నేను కూర్చుంటాను, అబద్ధమెందుకు. ఆ వరండా నాది కాదని తెలిసినా దాని మీద ప్రేమ పోలేదు. ఆ పేము కుర్చీలో అవ్వను కూర్చోబెట్టి, ఆమె మాటల్లోనే ఆమె చేత ఎదురింటావిడతో కబుర్లు చెప్పించాలని ఉంటుంది. ఎదురింటావిడ తప్పక విని ఉండేది. గుంటూరావిడ, మనుషులంటే ప్రాణం. నేను పిలిస్తే బతుకమ్మ చుట్టూ కూడా తిరిగేదే.

2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగ చేశాక కాలనీల్లో, అపార్టుమెంట్ల ముందు మైకులు పెట్టి ఆడుతున్నారు. మా సెల్లారులోనూ స్కూటర్లు జరిపి ఆడతాం. గుంటూరువాళ్లూ, భీమవరంవాళ్లూ నాకంటే బాగా పేరుస్తారు. తంగేడు పువ్వు మాత్రం బుట్ట వందకు పైనే.

పోయిన దసరాకు సదాశివనగర్ వెళ్లాను. మా తమ్ముడు పాత ఇల్లు తీసేసి కొత్తది కట్టాడు. రోడ్డు మీది జాగా కాబట్టి ముందర రెండు మలిగెలు వేసి షట్టర్లు పెట్టాడు, వెనకాల ఇల్లు. దర్వాజ లేదు, అరుగుల్లేవు, గేటుంది. సాయంత్రం చూస్తే ఒక మలిగె మూసి ఉంది, దాని షట్టరు ముందరి గడప మీద నలుగురాడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఇద్దరు మా వీధివాళ్లే. మిగిలిన ఇద్దరూ పాత కాలనీ నుంచి వచ్చినవాళ్లు, వాళ్ల కోడళ్లు ఇప్పుడు ఊళ్లో స్కూలు టీచర్లు. నేను నిలబడి పలకరిస్తే జరిగి చోటిచ్చారు. నేను రెండు మాటలన్నానో లేదో, అందులో పెద్దామె నా వైపు వింతగా చూసి, ‘పిల్లా, నువ్వేందే సీన్మల తీరు మాట్లాడుతున్నవ్?’ అన్నది. అందరం నవ్వుకున్నాం. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాం.